తలంబ్రాల్లో పడిన మెమరీ కార్డు

నేను ఒక మెమరీ కార్డును. తపాలా బిళ్ళంత ఉంటాను, నల్లగా ఉంటాను. నాకు ఒక మూల కత్తిరించి ఉంటుంది. మనుషులు నన్ను తిరగేసి పెట్టకుండా చేసిన ఏర్పాటది. అయినా తిరగేసే పెడతారు, లోపలికి పోకపోతే నన్నే తిడతారు. కన్ను కెమెరాది. అది చూసినదాన్ని గుర్తుపెట్టుకోవడం వరకే నా పని. మరి ఈ కథంతా ఎలా చూశావు, ఎలా విన్నావు అని మీరు అడగవచ్చు. ఆత్మకథలు రాసుకునేవాళ్ళను అలాంటివి అడగకూడదు. మనుషులను ఎవరైనా అడుగుతున్నారా?

మాది ఇసుక వంశం. ఇసుకను కరిగించి, శుద్ధి చేసి, పలకలుగా కోసి, వాటి మీద కంటికి కనిపించని గీతలు గీసి నన్ను తయారుచేశారు. చేసినవాళ్ళు ఒళ్ళంతా తెల్లటి ముసుగులు తొడుక్కుని, ఒక్క దుమ్ము రేణువైనా నా మీద పడకుండా కాపాడారు. అంత మడిగా పుట్టినదాన్ని తరవాత దేంట్లో పడ్డానో ముందు ముందు చెబుతాను. అక్కడినుంచి సముద్రాలు దాటి, గట్టి ప్లాస్టిక్ డొల్లలో ఇరుక్కుని, రాజమండ్రిలో ఒక షాపుకు చేరాను. నన్ను ఒక పళ్ళ డాక్టరుగారు కొన్నారు. ఆ డొల్ల చేతికి లొంగలేదు. సీసా మూతలు పళ్ళతో తియ్యవద్దని రోజూ పదిమందికి చెప్పే ఆయన, అటూ ఇటూ చూసి దాన్ని పళ్ళతోనే చింపారు.

ఆయనకు పక్షుల ఫోటోలు తియ్యాలని మహా సరదా. ఒక ఆదివారం లకుముకి పిట్ట మీద గురి పెట్టారు. అది ఎగిరిపోయాక మీట నొక్కారు కాబట్టి కరెంటు తీగ బాగా వచ్చింది. ఆ తరవాత కెమెరాను ఆస్పత్రిలోనే ఉంచేసి, వచ్చినవాళ్ళ పళ్ళకు ఫోటోలు తీశారు. రెండేళ్ళపాటు నేను పళ్ళే గుర్తుపెట్టుకున్నాను. మనుషులంటే వట్టి నోళ్ళే అనుకునేదాన్ని. తరవాత పెళ్ళిళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టాక కూడా ఆ అభిప్రాయం పెద్దగా మారలేదు.

డాక్టరుగారు సరదా తీరిపోయాక కెమెరాతో సహా నన్ను దానియేలుకు అమ్మేశారు. దానియేలుది రాజోలులో దైవకృప డిజిటల్ స్టూడియో. మనిషి పొడుగ్గా, కొంచెం వంగి ఉంటాడు. ఎక్కువ మాట్లాడడు. ఈ రోజుల్లో రెండు కార్డులు పట్టే కెమెరాలు వస్తున్నాయట, ఒకటి పోయినా రెండోది కాపాడుతుందట. దానియేలు కెమెరాకు ఒక్కటే అర. అతని చేతిలో నేను కోనసీమ పెళ్ళిళ్ళన్నీ తిరిగాను. ప్రతి పెళ్ళినీ జాగ్రత్తగా గుర్తుపెట్టుకునేదాన్ని. ఆల్బం తయారు కాగానే దానియేలు నన్ను తుడిచేసేవాడు. మళ్ళీ ఇంకో పెళ్ళి. పంక్తిలో సరిగ్గా ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా దొరికిపోయేవాళ్ళూ, వేదిక మీద బహుమతి కవరును కెమెరాకు కనపడేలా పట్టుకునేవాళ్ళూ ప్రతి పెళ్ళిలోనూ ఉండేవారు. ఆ మనుషులే ఊరూరా తిరుగుతున్నారేమోనని చాలాకాలం అనుమానపడ్డాను.

దానియేలుకు ఒక అలవాటు ఉంది, దాని గురించి చెప్పకపోతే ఈ కథ నడవదు. నేను నిండిపోయినప్పుడు నన్ను తీసి పెదాల మధ్య పెట్టుకునేవాడు. రెండు చేతులతో కొత్త కార్డు దూర్చి, అప్పుడు నన్ను జేబులో వేసుకునేవాడు. అతను మాట్లాడే మనిషి కాదు కనక ఆ చోటు నాకు భద్రంగానే ఉండేది.

ఆ ఏడు లోవలక్ష్మి పెళ్ళి వచ్చింది. ఆమె తల్లి వీరవేణి మస్కట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. కూతురికి తొమ్మిదేళ్ళప్పుడు వెళ్ళింది. మధ్యలో రెండుసార్లు వచ్చిందట, అదీ శుభకార్యాలేవీ లేని రోజుల్లో. ఈసారి మాత్రం పెళ్ళికి అందేలా సెలవు దొరికింది. పెళ్ళికూతుర్ని చేసిన రోజున దానియేలు లైట్లు సర్దుకుంటుంటే ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"తమ్ముడూ, ఒక్కమాట. దీని ఓణీల ఫంక్షను నేను ఫోటోల్లో సూసేను. పదో తరగతి పాసైంది ఫోటోల్లో సూసేను. అన్నింట్లోనూ అది నాకోసమని నవ్వుతానే ఉంటాది, నేను మాత్రం ఎక్కడా ఉండను. రేపు కన్యాదానంలో దాని చెయ్యి నా చేతిలో ఉంటాది కదా. అప్పుడు తియ్యి. ఆ ఒక్కదాంట్లో నేనూ ఉండాలి."

"అలాగే అక్కా" అన్నాడు దానియేలు. అతని లెక్కలో అది పెద్ద ఉపన్యాసమే.

మర్నాడు ఉదయం ముహూర్తం. వీడియో ఎవరూ తిరిగి చూడరని చెప్పి లోవ తండ్రి గంగరాజు వద్దన్నాడు. ఆ మాట నిజమే గనక ఎవరూ వాదించలేదు. కన్యాదానం మొదలైంది. వీరవేణి చెంబుతో నీళ్ళు పోస్తే గంగరాజు ఇత్తడి పళ్ళెంలో పెళ్ళికొడుకు కాళ్ళు కడిగాడు. తరవాత ఇద్దరూ కూతురి చెయ్యి పట్టుకుని అల్లుడి చేతిలో పెట్టి ధార పోశారు. మంటపం చుట్టూ ఫోన్లన్నీ ఒక్కసారి లేచాయి. కానీ అందరికంటే ముందు దానియేలు ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు, పక్కన లైటు పట్టుకున్నవాడు నిలబడ్డాడు. కాబట్టి అన్ని ఫోన్లలోనూ దానియేలు వీపు స్పష్టంగా పడింది. కన్యాదానం నాలో మాత్రమే పడింది.

జీలకర్ర బెల్లం కూడా పడింది. దాంతో నేను నిండిపోయాను. దానియేలు నన్ను తీసి పెదాల మధ్య పెట్టుకుని కొత్త కార్డు దూర్చాడు. ఈలోగా పెళ్ళికొడుకు మంగళసూత్రం పట్టుకుని లేచాడు. వెనక నిలబడ్డ ఆడపడుచు ముందుకు వంగి మొత్తం కప్పేసింది.

"అమ్మా, కొంచెం పక్కకండి" అన్నాడు దానియేలు.

నేను పడిపోయాను. అతని చెయ్యి అలవాటు కొద్దీ జేబు దాకా వెళ్ళి వచ్చింది, నన్ను వేసేశాననుకున్నాడు. నేను పడింది పీటల పక్కకు జరిపిన ఇత్తడి పళ్ళెంలో. అందులో పెళ్ళికొడుకు కాళ్ళు కడిగిన నీళ్ళు, కాసిని పాలు, పసుపు, పూల రెక్కలు, ఒక వక్క ఉన్నాయి. పెళ్ళికొడుకు సాక్షాత్తూ విష్ణుస్వరూపమని పంతులుగారు అంతకు ముందే చెప్పారు కనక నేను తీర్థంలో మునిగానని కూడా అనుకోవచ్చు. ఆ సమయంలో నాకు అలా అనిపించలేదు. గట్టిమేళం మోగుతోంది, అక్షింతలు పడుతున్నాయి, నా అంచుల్లోంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. భయం వేసింది. వీరవేణి కోసం భయపడ్డానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ ముందు నా కోసమే భయపడ్డాను. ఆమె ఆ తరవాత గుర్తొచ్చింది.

నన్ను పైకి తీసింది మంగతాయారుగారు. ఆవిడ పెళ్ళికొడుక్కు మేనత్త. పళ్ళెం ఎవరైనా తొక్కుతారేమోనని ఎత్తబోయి, అడుగున నన్ను చూసింది. ఎవరిదో ఫోనులో చిప్పు అనుకుంది. క్రితం ఏడు ఆవిడ ఫోను నూతి గట్టు మీద తడిసిపోతే బియ్యం బస్తాలో పెట్టి బతికించుకుంది. అప్పటినుంచి తడిసిన దేన్ని చూసినా ఆవిడ కళ్ళు బియ్యం కోసం వెతుకుతాయి. మంటపం మీద బియ్యానికి కొదవేముంది? వెండి గిన్నె నిండా తలంబ్రాలు ఉన్నాయి.

"బియ్యంలో పెడితే తడంతా అదే లాగేత్తాదండి" అని గాలిలోకి చెప్పి, నన్ను అందులో గుచ్చేసింది.

ఆ బియ్యానికి అప్పటికే పసుపూ నెయ్యీ పట్టించి ఉన్నాయి. నా తడిని లాగే మాట దేవుడెరుగు, తన నెయ్యి నాకు అంటించింది. ఫోటోగ్రాఫరుతో ఒక మాట చెబుదామనే ఆవిడ అనుకుంది పాపం. ఇంతలో ఎవరికో పెట్టిన చీర ఇంకెవరికో వెళ్ళిందని కబురు వస్తే ఆ గొడవ తీర్చడానికి వెళ్ళింది.

తలంబ్రాలు మొదలయ్యాయి. మొదటి దోసిలి పంతులుగారు చెప్పినట్టు మర్యాదగా పోశారు. తరవాత పందెం మొదలైంది. పెళ్ళికొడుకు గిన్నె అడుగు నుంచి దోసెడు తీశాడు, అందులో నేనున్నాను. అతని ధ్యాసంతా గెలవడం మీద ఉంది. నన్ను తెచ్చి లోవ నడినెత్తిన గుమ్మరించాడు. బాసికం మీద తగిలి, పక్కకు జారి, వెనక పూలజడలో మల్లెలకూ కనకాంబరాలకూ మధ్య ఇరుక్కున్నాను. ఆ జడలో ఉండగానే పట్టపగలు బయటికి తీసుకెళ్ళి అరుంధతీ నక్షత్రం చూపించారు. కనపడిందా అంటే కనపడిందన్నారు ఇద్దరూ.

భోజనాల వేళ దానియేలు జేబు తడుముకున్నాడు. రెండో జేబు తడుముకున్నాడు. సంచీ బోర్లించాడు, చాప ఎత్తి చూశాడు. ఆ తరవాత చేతిలో విస్తరి వదిలేసి నేరుగా వీరవేణి దగ్గరికే వెళ్ళి చెప్పాడు. ఇంకెవరైనా అయితే ముందు వెతికి, దొరక్కపోతే అప్పుడు చెప్పేవాళ్ళు.

"కన్యాదానం అందులోనే ఉందా తమ్ముడూ?"

"అందులోనే ఉందక్కా."

ఆమె పక్కనున్న కుర్చీలో కూర్చుంది. ఎల్లుండి ఆమె ప్రయాణం.

కబురు పందిరంతా పాకింది. చీర గొడవ తీర్చుకుని వచ్చిన మంగతాయారుగారు, "ఏటండీ పోయింది? ఆ నల్ల చిప్పేనా? అది తడిసిపోతే నేనే తలంబ్రాల్లో పెట్టేనండి, ఆరుద్దని" అంది. ఆ తరవాత పదిమంది ఆడవాళ్ళు కూర్చుని మంటపం మీద బియ్యమంతా పోగుచేసి చేటల్లో వేసి చెరిగారు. ముత్యాలని చెప్పి కలిపిన తెల్లపూసలు దొరికాయి. ఒక చెవిదిద్దు శీల దొరికింది. నేను దొరకలేదు.

దానియేలు మంటపం మెట్టు మీద కూర్చుని కెమెరాలో ఉన్న రెండో కార్డు ఫోటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాడు. ఒక దాంట్లో లోవ నెత్తిమీద గాలిలో పసుపు గింజల మధ్య ఒక నల్ల చుక్క ఉంది. ఇంకా పెద్దది చేశాడు. చుక్కకు ఒక మూల కత్తిరించి ఉంది. నా జన్మలో నేను దిగిన ఫోటో అదొక్కటే. మెమరీ కార్డులకు ఫోటో దిగే యోగం ఉండదు. కొంచెం కదిలాను గానీ బాగానే వచ్చాను. తరవాతి ఫోటోలో బాసికం మీద ఉన్నాను. ఆ తరవాతి దాంట్లో లేను.

"జడలో ఉంది" అన్నాడు దానియేలు.

లోవ అప్పుడే బూరె తుంపి నోట్లో పెట్టుకుంటోంది. నలుగురు వెళ్ళి ఆమె జడ మీద పడ్డారు. నేను పసుపు పచ్చగా, జిడ్డుగా, ఒక మల్లె రెక్కతో సహా బయటపడ్డాను.

ఇక సలహాలు మొదలయ్యాయి. మేకప్ చేసిన అమ్మాయి జుట్టు ఆరబెట్టే మిషను తెచ్చింది. ఎండలో పెట్టమన్నారు కొందరు, హోమగుండం ఇంకా వెచ్చగానే ఉందన్నారు ఇంకొందరు. మంగతాయారుగారు ఈసారి ఉత్త బియ్యంలో పెడదామంది. పెళ్ళికొడుకు స్నేహితుడొకడు ల్యాప్‌టాప్ తెరిచి, పెట్టి చూద్దాం, పోయేదేముంది అన్నాడు.

"తడి మీద కరెంటు ఎక్కితే ఉన్నదీ పోద్ది" అన్నాడు దానియేలు. "ఇన్వర్టరులో పోసే బ్యాటరీ నీళ్ళుంటే కొంచెం ఇప్పించండి."

"తడిసిందాన్ని మళ్ళీ తడుపుతారేటండీ, విడ్డూరం కాకపోతే!" అంది మంగతాయారుగారు.

కానీ అతను చేసింది సరైన పనే, నా ఒళ్ళు కాబట్టి నేను చెప్పగలను. నీళ్ళు ఆరిపోతాయి. పాలు, పసుపు, నెయ్యి ఆరితే కెమెరాను తాకే నా రాగి పళ్ళ మీద పొలుసు కట్టి అక్కడే ఉండిపోతాయి. బ్యాటరీ నీళ్ళలో ఉప్పూ సున్నమూ ఉండవు కనక అవి కడిగేసి తమ దారిన తాము పోతాయి. దానియేలు నన్ను స్టీలు గ్లాసులో మెల్లగా జాడించాడు. దూదికి స్పిరిటు అద్ది తుడిచాడు. తరవాత తలెత్తి అడిగాడు.

"కొత్త చెప్పుల పెట్టెల్లో చిన్న పొట్లాలు వస్తాయి కదండీ, చెమ్మ పీల్చేవి. ఎవరి దగ్గరైనా ఉన్నాయా?"

వాటిని చూడగానే పారేయడం అందరికీ అలవాటే. కుర్చీలోంచి వీరవేణి లేచింది.

"నాకాడ ఉన్నాయి. బట్టలు ముక్కిపోకండా పెట్టెలో ఏసుకుంటాను."

ఊళ్ళో ప్రతివాళ్ళకీ ఏదో ఒకటి తెచ్చిన పెట్టె అది. చెప్పులు, బ్యాగులు, ఫ్లాస్కులు పంచేయగా ఇప్పుడు ఖాళీ అయింది. అడుగున మాత్రం తినరాదని ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ రాసిన పొట్లాలు గుప్పెళ్ళకు గుప్పెళ్ళు మిగిలాయి. ఒక ఖర్జూరం డబ్బా కడిగి తుడిచి, అందులో పొట్లాలు పరిచి, నన్ను పడుకోబెట్టి, పైన మళ్ళీ పొట్లాలు కప్పారు. ఎల్లుండి వరకు మూత తియ్యవద్దన్నాడు దానియేలు. వీరవేణి ఆ డబ్బాను ఎవరికీ ఇవ్వలేదు.

దానియేలు మనసు ఊరుకోలేదు. సాయంత్రం అప్పగింతలకు ముందు, ఎందుకైనా మంచిది, కన్యాదానం ఇంకోసారి తీద్దామన్నాడు. పంతులుగారిని అడిగారు.

"ముహూర్తం ఒక్కటే నాయనా. ఇప్పుడు చేసేది కన్యాదానం కాదు, ఫోటో. ఫోటోకు నా అభ్యంతరం ఏముంది, కానివ్వండి" అన్నారాయన, సంచీ సర్దుకుంటూ.

మళ్ళీ పీటలు వేశారు. పళ్ళెం తెచ్చారు. పెళ్ళికొడుకు సంతోషంగా కాళ్ళు ముందుకు చాపాడు. వీరవేణి ఒక చేత్తో చెంబు ఎత్తి, రెండో చేత్తో లోవ చెయ్యి పట్టుకుంది. డబ్బా ఆమె ఒళ్ళో ఉంది. దానియేలు కెమెరా ఎత్తాడు. కెమెరా కనపడగానే లోవ దానికేసి తిరిగి నవ్వింది. పద్నాలుగేళ్ళ అలవాటది. వీరవేణి కూతురి మొహంలోకి చూసి, చెంబు కింద పెట్టేసింది.

"వద్దులే తమ్ముడూ. నాకు పంపడానికి తీసిన ఫోటోలు నాకాడ బోల్డున్నాయి."

దానియేలు కెమెరా దించాడు. పీటలు తీసేశారు. ఆ రాత్రి లోవ అత్తారింటికి వెళ్ళింది.

మూడోనాడు వీరవేణి మస్కట్‌కు బయల్దేరుతూ స్టూడియో ముందు ఆటో ఆపించింది. పెట్టె ఆటోలోనే ఉంది. లోవ కూడా తల్లిని సాగనంపడానికి వచ్చింది. వీరవేణి డబ్బా బల్ల మీద పెట్టింది. దానియేలు మూత తీసి నన్ను పొట్లాల్లోంచి ఎత్తాడు. పొడిగా ఉన్నాను. లోపల ఏముందో, ఏం పోయిందో నాకే తెలియదు. గుర్తుపెట్టుకోవడమే నా పని గానీ గుర్తుందో లేదో చూసుకోవడం నా చేతిలో లేదు. నన్ను కంప్యూటరుకు తగిలించాడు.

జీలకర్ర బెల్లం తెరుచుకుంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కన్యాదానం ఫోటోలు మాత్రం ఒక్కొక్కటే నొక్కుతుంటే ఒక్కొక్కటే తెరుచుకోనన్నాయి. నాకు సిగ్గుగా ఉంది. దానియేలు ఇంకేదో సాఫ్ట్‌వేరు పెట్టి, పోయినవాటిని మళ్ళీ వెతికించాడు. చాలాసేపటికి ఒక్కటి వచ్చింది. పైనుంచి కిందికి మెల్లగా పరుచుకుంటూ వచ్చింది. ముందు పందిరి బంతిపూలు, తరవాత గంగరాజు తలపాగా, వీరవేణి మొహం, లోవ మొహం. అక్కడితో ఆగిపోయింది. దాని కిందంతా బూడిదరంగు. చేతులు లేవు, చెంబు లేదు, నీళ్ళు లేవు.

"చెయ్యి రాలేదక్కా" అన్నాడు దానియేలు. "నువ్వడిగిందే రాలేదు. ఇంకో ఫోటోలోంచి తీసి కింద అతికిస్తాను, తెలీకండా అతికిస్తాను."

వీరవేణి వినలేదు. తెరకు దగ్గరగా వంగింది. చాలాసేపు చూసింది.

"ఏమే, నువ్వు కెమేరాకేసి సూడలేదే ఇందులో" అంది.

లోవ కూడా వంగి చూసింది.

"నీకేసి సూత్తన్నానమ్మా. పక్కనే ఉన్నావు కదా."

వీరవేణి తెర మీద కూతురి మొహాన్ని వేలితో ముట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. దానియేలు లేచి, ప్రింటు మిషను దగ్గర పనున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. ఏమీ అతికించవద్దని ఆమె అంటే, కింద బూడిదరంగుతో సహా అలాగే ప్రింటు తీసి ఇచ్చాడు.

నీళ్ళు తాగిన కార్డును మళ్ళీ పెళ్ళికి నమ్మకూడదని దానియేలు నియమం. మిగతా ఫోటోలన్నీ దించుకుని నన్ను సొరుగులో పడెయ్యబోతే, "పారేసేదైతే నాకియ్యి" అని వీరవేణి అడిగి తీసుకుంది. ఇప్పుడు నేను మస్కట్‌లో ఒక వంటింటి అల్మారాలో, అదే ఖర్జూరం డబ్బాలో ఉన్నాను. పక్కనే బియ్యం డబ్బా. దాని మూత చప్పుడు వినపడితే ఇప్పటికీ నా గుండె గుభేలుమంటుంది. ఇక్కడ నన్ను తగిలించి చూసే యంత్రం ఏదీ లేదు, తుడిచేసేవాళ్ళూ లేరు. ఇన్ని పెళ్ళిళ్ళు మోశాక ఒక్క పెళ్ళి నాకు మిగిలింది. కొత్త పొట్లం దొరికినప్పుడల్లా వీరవేణి డబ్బా తెరిచి, పాతది తీసి కొత్తది పెట్టి, మూత గట్టిగా నొక్కుతుంది.

అల్మారా తలుపుకు లోపలివైపు ఆ ప్రింటు అంటించి ఉంది. వీరవేణి పని అయ్యే వేళకు లోవ వీడియో ఫోను చేస్తుంది. కెమెరాకేసి చూసి నవ్వుతుంది, ఏం వండావని అడుగుతుంది. ఫోను ఎత్తేముందు వీరవేణి వచ్చి, ఆ ప్రింటు కనపడేలా అల్మారా తలుపు తీసిపెట్టుకుంటుంది.